మంచం కింద పెట్టె... మూత మీ చేతికి లేవాలి!

భోషాణం గుర్తుందా మీకు? అమ్మమ్మగారింట్లో గోడవారగా ఉండే పెద్ద చెక్కపెట్టె. లోపల ఇత్తడి సామాను, పట్టుబట్టలు, పొలం దస్తావేజులు. పైన బొంత పరుచుకుని తాతయ్యగారి మధ్యాహ్నపు కునుకు. అంటే ఈ పెట్టె మంచం అనేది ఏ ఫర్నిచర్ షాపువాళ్ళో కొత్తగా కనిపెట్టిన వింతేమీ కాదన్నమాట! కాకపోతే ఒక్క తేడా ఉంది. భోషాణం మూత తియ్యాలంటే తాతయ్య లేస్తే చాలు. ఇప్పటి డబుల్ కాట్ మూత తియ్యాలంటే దిళ్ళు తియ్యాలి, దుప్పటి తియ్యాలి, పరుపు ఎత్తాలి, ఆపైన ఇంట్లో మగవాళ్ళు ఖాళీగా ఉండాలి. ఇవన్నీ కలిసొచ్చే ముహూర్తం ఏడాదికి ఒకసారి కూడా రాదు.

మా ఇంట్లో మొదటి పెట్టె మంచం చేయించినప్పుడు నేను అడిగింది ఒక్కటే, "లోపల బోలెడు చోటుండాలి" అని. నిజంగానే బోలెడు చోటు వచ్చింది. ఆరడుగుల వెడల్పు, ఆరుంపావు అడుగుల పొడవు, పైన ఒకటే మూత. అటక మీది సామానంతా దించి అందులో సర్దేసి మురిసిపోయాను. నా పెళ్ళి పట్టుచీర కూడా పాత పంచెలో చుట్టి అందులోనే పెట్టాను. రెండు వానాకాలాలు గడిచాయి. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి కట్టుకుందామని తీస్తే జరీ నల్లబడిపోయి ఉంది, మడతల్లో బూజు. పెట్టె ఆనుకుని ఉన్న గోడకి అవతల బాత్‌రూమ్. ఆ చెమ్మ అంతా పెట్టెలో చేరింది. ఈ రెండేళ్ళలో మధ్యలో ఒక్కసారి తెరిచి ఎండకి వేసినా చీర దక్కేదే. తెరవలేదు. ఎందుకంటే నా ఒక్కదానివల్లా కాలేదు కనుక.

ఇందులో చేసిన వడ్రంగిని అనాల్సిందేమీ లేదు. అడిగినట్టే చేశాడు. అడగటంలోనే ఉంది పొరపాటంతా. తర్వాత లెక్కేసి చూస్తే తెలిసింది, అంత పెద్ద పలక 19 మి.మీ. ప్లైవుడ్‌తో చేస్తే అదొక్కటే దాదాపు 40 కిలోలు తూగుతుందని! దానిమీద పరుపు బరువు వేరే. నడుం నొప్పి రాకుండా ఎలా లేపుతాం చెప్పండి?

అందుకని మంచం చేయించే ఆలోచన మీకుంటే, మేస్త్రీని పిలవకముందే మీరు ఒక కాగితం, టేపు పట్టుకుని కూర్చోండి. కొలతలు మీవై ఉండాలి. రేపు ఆ మూత తీసేది, కింద తుడిచేది, లోపల సర్దేది మీరే కదా!

పరుపు ముందు, మంచం తర్వాత

చాలామంది మంచం చేయించాక పరుపు కొనడానికి వెళతారు. అప్పుడు షాపులో దొరికేది ఒక కొలత, ఇంట్లో ఉన్నది ఒక కొలత. మన షాపుల్లో రెడీమేడ్ పరుపులు మామూలుగా 72, 75, 78 అంగుళాల పొడవుల్లో వస్తాయి. ఒక మనిషి పడుకునే పరుపు వెడల్పు 36 అంగుళాలు, ఇద్దరిదైతే 60 లేక 72. ఇంట్లో అందరికంటే పొడుగ్గా ఉన్నవాళ్ళ ఎత్తుకు ఆరంగుళాలు కలుపుకుని పొడవు ఎంచుకోండి. మొదట పరుపు నిర్ణయించుకుంటే మంచం దానంతట అదే నిర్ణయమైపోతుంది.

ఇక ఎత్తు. మంచం అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలమీద పూర్తిగా ఆనాలి. మనలో చాలామందికి పరుపుతో కలిపి 18 అంగుళాలకు అటూ ఇటూగా సరిపోతుంది. లోపల ఎక్కువ చోటు వస్తుందని ఎత్తు పెంచుకుంటూ పోయారనుకోండి, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు ఎక్కడానికీ దిగడానికీ అవస్థ పడతారు. ఆ ఎత్తులోంచే పరుపు మందం తీసెయ్యాలి, చీపురు పోవడానికి కింద 4 అంగుళాలు వదలాలి, మిగిలిందే పెట్టె. నేరుగా నేలకు ఆనించిన పెట్టె చూడటానికి బాగుంటుంది కానీ, రోజూ తడిబట్ట పెట్టే మన ఇళ్ళలో చెక్క అడుగు అంచు నీళ్ళు పీల్చుకుని కొన్నాళ్ళకి ఉబ్బిపోతుంది. నా మాట విని కోళ్ళు పెట్టించండి.

ఇలా లెక్క వేస్తే లోపల లోతు దాదాపు 8 అంగుళాలు మిగులుతుంది. "అంతేనా!" అనుకోకండి. రగ్గులు, దుప్పట్లు, చలికాలం బట్టలు, పిల్లల పాత పుస్తకాలు, బొమ్మల కొలువు బొమ్మలు అన్నీ హాయిగా పడతాయి. గుండిగలు, బిందెలు పట్టవు. వాటికి అటకే గతి. అయినా మేస్త్రీ వచ్చేలోగా మీరు పెట్టదలుచుకున్న వస్తువులు ఒకచోట చేర్చి ఎత్తు కొలుచుకుంటే మంచిది. సూట్‌కేసు పెట్టాలని ఉంటే దాన్ని పడుకోబెట్టి కొలవండి. అర అంగుళంలో ఆశ నిరాశైపోతుంది.

ఒకటి కాదు, రెండు

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆరడుగుల డబుల్ కాట్ కావాలంటే ఒక్క మంచం చేయించకండి. 75 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పు ఉన్న పెట్టెలు రెండు చేయించి పక్కపక్కన చేర్చండి. రెండింటినీ లోపలినుంచి రెండు బోల్టులతో, రెక్కల నట్లతో బిగిస్తే కదలవు. స్పానర్ కూడా అక్కర్లేదు, చేత్తో తిప్పితే చాలు.

దీనివల్ల ఎన్ని సుఖాలో చూడండి. అద్దె ఇళ్ళవాళ్ళకి మొదటి సుఖం, ఇల్లు మారినప్పుడు పెట్టెను పక్కకి తిప్పితే ఎంత ఇరుకు తలుపులోంచైనా బయటికొస్తుంది. మెట్ల మలుపు దగ్గర మంచాన్ని కోసెయ్యాల్సిన పని రాదు. అమ్మాయి పురిటికొచ్చినప్పుడు రెండూ విడదీసి ఒకటి ఆమె గదిలో వేసుకోవచ్చు. పగలు ఒకటి హాల్లో దివాన్‌గా పనికొస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పరుపులు కూడా రెండు సింగిల్‌వే కాబట్టి ఒక్కొక్కటీ మీరు ఒక్కరే పక్కకి జరుపుకోగలరు. మధ్యలో సందు వస్తుందని భయమా? మూలన పడి ఉన్న పాత నవారు తీసి, రెండు పరుపుల చుట్టూ కలిపి అడ్డంగా కట్టండి. పైన ఒకటే పెద్ద దుప్పటి వేస్తే సందు కనబడదు. మూత తీసే రోజున ముడి విప్పుకుంటే సరి.

ఇక ఒక్కో మంచం పైభాగాన్ని 25 అంగుళాల చొప్పున మూడు భాగాలు చెయ్యమనండి. తలవైపు, నడిమి భాగాలకి విడి మూతలు. ఒక్కో మూత ఆరు, ఆరున్నర కిలోలకు మించదు. కాళ్ళవైపు మూడో భాగానికి పైపలక కదలకుండా బిగించేసి, దాని కింద ఒక సొరుగు పెట్టించండి. పది పది అడుగుల గదిలో ఈ జంట మంచం వేస్తే పక్కల రెండేసి అడుగులే మిగులుతాయి. అక్కడ సొరుగు లాగితే మీరు నిలబడటానికి చోటుండదు. కాళ్ళవైపైతే మూడుముప్పావు అడుగులుంటాయి. సొరుగు రెండడుగులు బయటికి వచ్చినా ముందు పీటేసుకుని కూర్చోవచ్చు. వారంవారం కావలసిన దుప్పట్లు, గలేబులు సొరుగులోకి. నెలకో రెండు నెలలకో తీసేవి నడిమి అరలోకి. దీపావళికో సంక్రాంతికో తీసేవి తలవైపు అరలోకి. నా నల్లబడిన చీర సంగతి చెప్పాను కదా, పట్టుబట్టలకు మాత్రం సొరుగే మేలు. తరచూ తెరుస్తాం కనుక గాలి తగులుతుంది.

మూతలకి మడతబందులు వద్దు. ఊరికే పైన పెట్టేవిగా ఉండాలి. జరక్కుండా మూత అడుగున, పెట్టె లోపలికి దిగేలా, సన్న రీపర్లు కొట్టిస్తే చాలు. అంచుకి దగ్గరగా రెండువేళ్ళు దూరే రంధ్రాలు రెండు పెట్టించండి. మూత లేపడానికి పట్టూ అదే, గాలికి దారీ అదే. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. మడతబందుల మూత దభాలున పడితే వేళ్ళు నలుగుతాయి. దాగుడుమూతల్లో పెట్టెలోకి దూరే గడుగ్గాయిలు కూడా ఉంటారు కదా! గాలి ఆడే రంధ్రాలు, లోపలినుంచి తోస్తే లేచే తేలిక మూతలు, అడ్డుపలకలతో చిన్నచిన్న అరలు ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. అయినా పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

గ్యాస్ పంపుతో దానంతట అదే లేచే మంచాలు షాపుల్లో ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, బాగానే లేస్తాయి. కానీ ఆ పంపులో ఒత్తిడి ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. మూత పైన నిలవడం మానేసిన రోజున లోపల మీ తలో చెయ్యో ఉంటే ప్రమాదం. కొన్నవాళ్ళు పంపు బలహీనపడగానే మార్పించుకోవాలి, ఆ సైజు పంపు మీ ఊళ్ళో దొరుకుతుందో లేదో కొనేముందే అడిగి ఉంచుకోవాలి.

ఎంత చెక్క పడుతుంది?

మేస్త్రీ "అమ్మా, ఎనిమిది షీట్లు తెప్పించండి" అంటే తెప్పించేసే అలవాటు మనది. షీటు అంటే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. మన మంచం పైపలక 75 x 36 అంగుళాలు కదా. 19 మి.మీ. షీటు ఒకదాంట్లోంచి అది కోశాక, పక్కన 12 అంగుళాల వెడల్పు పట్టీ మిగులుతుంది. దాంట్లోంచి 10 అంగుళాల ఎత్తున్న ఒక పక్కపలక వస్తుంది. చివర మిగిలే 21 అంగుళాల ముక్కలోంచి అడ్డుపలకలు రెండు వస్తాయి. ఇలా రెండు షీట్లు పోగా మిగతా పక్కలూ అడ్డుపలకలూ మూడో షీటులో సరిపోతాయి. అంటే రెండు మంచాలకీ కలిపి 19 మి.మీ. షీట్లు మూడు, అడుగుపలకలకి 12 మి.మీ. షీట్లు రెండు, సొరుగుల అడుగుకి 6 మి.మీ.ది అర షీటు. సొరుగుల పక్కలు 12 మి.మీ. షీట్ల మిగులులోంచే తీయవచ్చు. ఈ కోత పటం కాగితం మీద గీసి ప్లైవుడ్ షాపులోనే మిషను మీద కోయించుకుంటే అంచులు నీటుగా వస్తాయి, ఇంట్లో రంపప్పొట్టు గోల సగం తగ్గుతుంది.

అడుగున చట్రానికి, కోళ్ళకి మాత్రం గట్టి కర్ర కావాలి. చట్రం 2 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం. నిలువు పట్టెలు రెండు, అడ్డపట్టెలు నాలుగు. కోళ్ళు ఒక్కో మంచానికి నాలుగు కాదు, ఆరు. నడుమ రెండు లేకపోతే అయిదారేళ్ళలో మధ్యలో కుంగుతుంది. రెండింటికీ కలిపి, మూతల అడుగున కొట్టే రీపర్లతో సహా, రెండు ఘనపుటడుగుల కర్ర చాలు. అడితీలో లెక్క మీరే సరిచూసుకోవచ్చు. పొడవు అడుగుల్లో, వెడల్పు మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగించండి. అదే ఘనపుటడుగులు. ఇది తెలిసిన ఆడవాళ్ళ దగ్గర షాపువాళ్ళు కాస్త జాగ్రత్తగానే మాట్లాడతారు!

టేకే కావాలని లేదు. బాగా ఎండిన వేప కర్ర, నల్లమద్ది కూడా చట్రానికి పనికొస్తాయి. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు అమ్మే దూలాలు, ద్వారబంధాలు దొరికితే ఇంకా మంచిది. ఏళ్ళ తరబడి ఎండిన కర్ర ఇక వంకర పోదు. లోపల పాత మేకులుంటాయి, కోతకి ఇచ్చేముందు పీకించెయ్యాలి. కొత్తదైనా పాతదైనా చేవ ఉన్న ముక్క చూసుకోండి. అంచున తెల్లగా ఉండే లేత భాగానికే పురుగు ముందు పడుతుంది.

ప్లైవుడ్ మీద ఐ.ఎస్.ఐ. ముద్ర, దాని పక్కన నంబరు చూడండి. ఐ.ఎస్. 303 అంటే మామూలు వాడకానికి. అందులోనూ ఎం.ఆర్. అని ఉంటే కాస్త చెమ్మను తట్టుకుంటుంది, బి.డబ్ల్యు.ఆర్. అని ఉంటే ఇంకా ఎక్కువ తట్టుకుంటుంది. ఐ.ఎస్. 710 అంటే మెరైన్ రకం, ఖరీదెక్కువ. మంచానికి పక్కలకీ అడుగుకీ బి.డబ్ల్యు.ఆర్. సరిపోతుందని నా ఉద్దేశం. గోడలు చెమ్మపట్టే ఇల్లైతే అడుగుపలక వరకు మెరైన్ వేయించుకోండి. చౌకగా వస్తోందని పొట్టు అదిమి చేసిన బోర్డులు మాత్రం వద్దు. ఒకసారి విప్పి బిగిస్తే స్క్రూలు పట్టవు, నీళ్ళు తగిలితే అప్పడంలా ఉబ్బుతాయి.

"వాటర్‌ప్రూఫ్ అండీ, గ్యారంటీ" అని అమ్మినదాన్ని పరీక్షించే వంటింటి చిట్కా ఒకటుంది. అగ్గిపెట్టెంత ముక్క తెచ్చి, వంటకి వాడని పాత గిన్నెలో నీళ్ళు పోసి, కిటికీ తెరిచి గంటసేపు మరగనివ్వండి. పొరలు విడిపోయి విస్తరాకులా విచ్చుకుందా, ఆ సరుకు వద్దని చెప్పెయ్యండి. ఈ పని షీట్లు ఇంటికి రాకముందే, నమూనా ముక్క అడిగి చేసుకోవాలి సుమా!

పని జరుగుతున్నప్పుడు...

రోజు కూలీకి ఇచ్చేకంటే గుత్తకి మాట్లాడుకోవడం మేలని నా అనుభవం. చెక్క, జిగురు, మరలు మీరే కొనిపెట్టి, చేతిపనికి మాత్రం గుత్త. పని జరిగే చోట ఒక కుర్చీ వేసుకుని కూరలు తరుక్కుంటూ మూడు విషయాలు గమనించండి. ఒకటి, మూలలు. ప్లైవుడ్ అంచులోకి నేరుగా స్క్రూ బిగిస్తే పొరలు చీలతాయి. మూల లోపల ఒక రీపరు నిలబెట్టి, జిగురు రాసి, రెండు పలకల్నీ దానికి బిగించాలి. స్క్రూకి ముందు సన్నని రంధ్రం వెయ్యాలి. రెండు, చట్రం కీళ్ళు. మేకులు కొట్టేసి "అయిపోయిందమ్మా" అంటే ఒప్పుకోకండి. కుసి చెక్కి బెజ్జంలో కూర్చిన కీలు కిర్రుమనదు. మూడోది అందరూ మరిచిపోయేది, కంటికి కనబడని వైపులు. పైన పాలిష్ అద్దంలా మెరుస్తుంది. అడుగుపలక కింది వైపు, లోపలి గోడలు, కోసిన అంచులు పచ్చిగానే ఉంటాయి. చెమ్మ పీల్చేది, చెదలు ఎక్కేది అక్కడినుంచే. చెదల మందు, ఆపైన ప్రైమరో వార్నిషో అడుగునా లోపలా కూడా రాయించండి.

అడుగుపలకకి ఒక్కో అరలో అంగుళం రంధ్రాలు నాలుగు వేయించి, బొద్దింకలు దూరకుండా దోమల జాలీ ముక్కలు అంటించండి. మంచాన్ని గోడకి ఆనించక మూడు వేళ్ళ ఎడం ఉంచండి. తల ఏ దిక్కు అంటారా? ఆ సంగతి మీ ఇంటి పెద్దలకే వదిలేస్తున్నాను. చెమ్మగోడ వైపు మాత్రం వద్దు.

సొరుగుకి స్టీలు ఛానళ్ళు పెట్టించుకోవచ్చు, ఖర్చు పెరుగుతుంది. మామూలు చెక్క రీపర్ల మీద జరిగే సొరుగైతే, రీపర్లకి కొవ్వొత్తి ముక్క రుద్దండి. వెన్నలా జరుగుతుంది. ఊడి కాళ్ళమీద పడకుండా వెనకాల ఆపు చెక్క ఒకటి ఉండాలి.

సామాను సర్దేముందు

మంచం వచ్చిన సాయంత్రమే సర్దెయ్యాలని చేతులు ఉరకలు వేస్తాయి. రెండు వారాలు ఆగండి. మూతలు తీసి, కిటికీలు తెరిచి ఉంచండి. కొత్త ప్లైవుడ్ జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది. కళ్ళు మండటం, దగ్గు దానివల్లే. పాలిష్ వాసన కూడా పోవాలి. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్ళు అన్నాళ్ళూ వేరే గదిలో పడుకోవడం మంచిది.

కలరా ఉండలు అందరూ వేస్తారు. పసివాళ్ళ బట్టలు, బొంతలు పెట్టే అరలో మాత్రం వెయ్యకండి. కొందరు పిల్లలకి పుట్టుకతోనే ఉండే ఒక లోపం వల్ల ఆ ఉండల ఘాటు తగిలిన బట్టలు తొడిగితే రక్తకణాలు విరిగి, కామెర్లు రావచ్చు. నీడన ఎండబెట్టిన వేపాకు పలచని గుడ్డలో మూటకట్టి వేస్తే చాలు, ఆకు పొడి రాలకుండా ఉంటుంది. పట్టుచీరలు నూలుబట్టలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో కాదు. ఆరు నెలలకోసారి మడతలు మార్చి, నీడపట్టున గాలికి ఆరవేయండి.

ఒక్కో అరలో ఏముందో చీటీ రాసి, ఆ మూత అడుగున అంటించడం మా ఇంట్లో అలవాటు. ఇప్పుడు మా అబ్బాయి కూడా రగ్గు కోసం నన్ను నిద్రలేపకుండా తనే తీసుకుంటున్నాడు.

ఇంకొక్క మాట. "పని అయిపోయిందమ్మా" అని మేస్త్రీ చేతులు దులుపుకున్న రోజున డబ్బు మొత్తం ఒకేసారి ఇచ్చెయ్యకండి. పరుపులు వేయించి, దుప్పటి పరిచి, దిళ్ళు కూడా పెట్టి, అందరినీ పక్కకి జరగమనండి. మీరు ఒక్కరే పరుపు జరిపి, తలవైపు మూత తీసి, మళ్ళీ పెట్టి చూడండి. కాళ్ళవైపు కూర్చుని సొరుగు ఒంటిచేత్తో లాగి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడికక్కడే చిత్రిక పట్టించి, ఆ తర్వాత మిగిలిన డబ్బు లెక్కపెట్టి ఇవ్వండి.